గేరుపెట్టెలో ఆముదం

నరసరావుపేటలో నూర్ మొహమ్మద్ చెవులకు పెద్ద పేరు. బస్సో లారీయో వచ్చి షెడ్డు ముందు ఆగితే, ఇంజను మీద ఒక వేపకర్ర ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. కళ్లు తెరిచి జబ్బు చెప్పాడంటే ఇక తిరుగులేదు. యుద్ధం రోజుల్లో పెట్రోలు లేక బస్సులు బొగ్గు గ్యాసుతో నడిచాయి. గేరునూనెకూ కరువొచ్చింది. అప్పుడు ఆముదం కాచి, వడగట్టి, లారీల గేరుపెట్టెల్లో పోసి నడిపించిన ఘనుడు నూర్ మొహమ్మదే. మనిషిని ముంచేది రాని విద్య కాదు, వచ్చిన విద్యే. ఆ సంగతి ఆయనకు చాలా ఆలస్యంగా తెలిసింది.

షెడ్డులో కొత్తగా చేరినవాడి చేతికి స్పానరు ఇచ్చే ముందు ఆయన ఒక మాట చెప్పేవాడు. "నలుగురి ముందర ఉస్తాద్ మాటకు అడ్డం రాగూడదు. నేను తప్పు చెప్పినా సరే, నోరు మూసుకో. తర్వాత లోపలికొచ్చి నా చెవిలో చెప్పు." నిజానికి చెవిలో చెప్పినవాళ్ల చెవులే ఎక్కువగా మెలిపడేవి. అందుకని ఎవరూ చెప్పేవారు కాదు. శిష్యులందరిలో ఈ పాఠం బాగా ఒంటబట్టింది బాజీకి.

బాజీ పని నేర్చుకున్నాక నూనె మిల్లు గోపాలకృష్ణయ్య గారి దగ్గర డ్రైవరుగా కుదిరాడు. యుద్ధం అయిపోయాక గోపాలకృష్ణయ్య మద్రాసు పోయి, మిలిటరీవాళ్లు అమ్మేసిన అమెరికా కారొకటి కొనుక్కొచ్చాడు. దానికి క్లచ్చి లేదు. గేర్లు దానంతట అదే మార్చుకునేది. క్లచ్చి లేని కారేమిటని పేటలో సగం జనం వచ్చి కిందికి వంగి మరీ చూసిపోయారు.

కొన్నాళ్లకు ఆ కారు మొరాయించడం మొదలుపెట్టింది. ఇంజను రంకెలేస్తుంది, బండి మాత్రం కదలదు. కదిలినా కింద నుంచి సన్నగా ఈల వేస్తున్నట్టు ఒకటే మోత. బాజీ దాన్ని ఉస్తాద్ దగ్గరికి తీసుకొచ్చాడు. వెనక సీట్లో గోపాలకృష్ణయ్య కూడా ఉన్నాడు. చుట్టూ జనం మూగారు. నూర్ మొహమ్మద్ కర్ర ఆనించి విన్నాడు. "గేరుపెట్టె ఎండిపోయింది. నూనె కారిపోయింది," అన్నాడు.

అది నిజమే. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు.

"మద్రాసులో దీనికి వేరే నూనె పోస్తారంట ఉస్తాద్. నీళ్లలాగా పల్చగా ఉంటదంట. తెప్పించమంటారా?" అని బాజీ మెల్లగా అడిగాడు.

అలాంటి గేరుపెట్టెను నూర్ మొహమ్మద్ పుట్టి బుద్ధెరిగి చూడలేదు. 'నాకు తెలియదు, మద్రాసు పంపండి' అనే మాట నాలుక దాకా వచ్చింది. కానీ అంతమంది కళ్లు తన మీదే ఉన్నాయి. "పల్నాటి ఎండకు పల్చటి నూనె నిలుస్తదిరా? నాకు నేర్పుతున్నావేంది?" అని నవ్వాడు. జనమూ నవ్వారు. బాజీ తల దించుకున్నాడు. గోపాలకృష్ణయ్య పని తెమిలేదాకా మిల్లుకు పోయొస్తానని వెళ్లిపోయాడు. ఆయన అటు పోయి, జనం చెదిరాక నూర్ మొహమ్మద్ తన చేత్తోనే కాచిన ఆముదం పోశాడు.

చిత్రంగా మోత ఆగిపోయింది. చిక్కటి నూనె పడితే ఏ మోతైనా కొన్నాళ్లు అణుగుతుంది. ఆ నాలుగు రోజులూ ఊరంతా ఉస్తాద్ భజనే.

తర్వాత గోపాలకృష్ణయ్య ఇంటిల్లిపాదితో మాచర్లకు పెళ్లికి బయల్దేరాడు. నడి ఎండలో నాగులేరు దాటి గట్టెక్కుతుంటే కారు ఆగింది. ఇంజను అరిచి అరిచి పొగలు కక్కింది. చక్రం తిరగలేదు. దారిన బండ్ల మీద పోతున్న పెళ్లివారంతా చూస్తుండగా ఎడ్లను కట్టి కారును గట్టెక్కించారు. గోపాలకృష్ణయ్యకు ప్రాణం పోయినంత పనైంది. ఆ ఎడ్లతోనే కారును పేటకు లాగించి, షెడ్డు ముందు నిలబెట్టించి, "ఇది ఎవరి తప్పో తేల్చు నూర్ మొహమ్మదూ," అన్నాడు.

నూర్ మొహమ్మద్ కారు కిందికి దూరి గేరుపెట్టె బిరడా ఊడదీశాడు. నల్లగా, బంకబంకగా మాడిన ఆముదం చేతుల మీదికి జారింది. ముక్కు పగిలే వాసన. ఆయనకు అంతా అర్థమైపోయింది. ఆ కింద ఎంతసేపు పడుకున్నాడో ఆయనకే తెలియదు. పైకి వచ్చి జనం మొహాలు చూసేసరికి నోటివెంట వేరే మాట వచ్చింది.

"నడిపినోడి తప్పు అయ్యా. గట్టు మీద ఊరికే తొక్కి తొక్కి లోపలంతా కాల్చేశాడు."

అందరూ బాజీ వైపు తిరిగారు. బాజీకి ఆముదం వాసన తెలియదా? కాచింది, వడగట్టింది ఏళ్ల తరబడి వాడే కదా. వాడు ఉస్తాద్ చేతుల వైపు ఒకసారి చూశాడు. "ఉస్తాద్ చెప్పింది నిజమే అయ్యా," అన్నాడు. అక్కడికక్కడే కొలువు ఊడింది. కారు మరమ్మతుకు మద్రాసు పోయింది.

ఆనాటి నుంచి నూర్ మొహమ్మద్‌కు అన్నం సయించలేదు. బాజీ స్టేషను గూడ్సు షెడ్డులో పొగాకు బేళ్లు మోస్తున్నాడని విని, ఆ వీధి మొహం చూడటమే మానేశాడు. సిగ్గుతో చచ్చిపోతున్నాడు. కానీ ఆ సంగతి ఎవరికీ చెప్పలేకపోయాడు. 'లోపలికొచ్చి నా చెవిలో చెప్పు' అన్న తన మాట గుర్తొచ్చి, వాడొచ్చి తిట్టినా బాగుండుననుకునేవాడు.

రంజాను పండగనాడు బాజీ వచ్చాడు. ఏటా వచ్చినట్టే వచ్చి, ఉస్తాద్‌ను కావలించుకుని ముబారక్ చెప్పాడు. ఆయన భార్య మెహరున్నీసా సేమియా పాయసం పెడితే, "చానా బాగుంది అమ్మీ," అంటూ తిని వెళ్లాడు. వాడి భుజాన బేళ్లు ఒరుసుకుపోయిన పుండు చొక్కా కింద కనబడింది. నూర్ మొహమ్మద్ తన గిన్నె ముట్టుకోలేదు.

మర్నాడు పొద్దున్నే గోపాలకృష్ణయ్య ఇంటికి పోయి అరుగు కింద నిలబడ్డాడు. "అయ్యా, ఆ కారు చెడగొట్టింది బాజీ కాదు. నేను. ఆముదం పోసింది నేనే. ఆ గేరుపెట్టె సంగతి నాకు తెలవదని చెప్పటానికి సిగ్గుపడ్డా," అన్నాడు.

గోపాలకృష్ణయ్య ఆయన మొహంలోకి చూసి నవ్వాడు.

"ఆముదం అని మద్రాసు మేస్త్రీ ఎప్పుడో చెప్పాడయ్యా. బాజీని పిలిపించి అడిగా. నువ్వు వద్దంటున్నా వినకుండా, నువ్వు చూడకుండా తనే పోశానని ఒప్పుకున్నాడు. వాడి తప్పు నువ్వు నెత్తినేసుకోవటానికి వచ్చావా? శిష్యుడి కోసం ఇంత చేసే గురువు ఈ రోజుల్లో ఎవరున్నారు!" అని లోపలికి కేకేసి, "ఇదిగో, మన నూర్ మొహమ్మద్ వచ్చాడు, మజ్జిగ పట్రా," అన్నాడు.

"కాదయ్యా, దేవుడి మీద ఒట్టు, నేనే..."

"ఊరుకోవయ్యా. నీ మంచితనం నాకు తెలవదా?"

ఎంత మొత్తుకున్నా ఆయన నమ్మలేదు. సాయంత్రానికల్లా ఈ కబురు పేటంతా పాకి, ఉస్తాద్ పేరు ఇంకో మెట్టెక్కింది.

నూర్ మొహమ్మద్ అప్పటికే గూడ్సు షెడ్డు దగ్గరున్నాడు. బాజీ ఆయన్ను చూసి, వీపు మీది బేలు దించి, చెమట తుడుచుకుని, "సలాం ఉస్తాద్," అన్నాడు.

"ఎందుకు చెప్పావురా ఆ అబద్ధం?"

"మీరు నేర్పిందే గదా ఉస్తాద్. నలుగురిలో మీ మాట పడిపోగూడదు."

నూర్ మొహమ్మద్ వాడి రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్లవెంట నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. "రారా బాజీ. నా షెడ్డుకు రా. సగం నీది," అన్నాడు.

బాజీ నేల చూపులు చూశాడు. వాడి గొంతులో కోపం లేదు.

"వద్దు ఉస్తాద్. కారు కాల్చేసినోణ్ణి గదా. నన్ను పెట్టుకుంటే మీ షెడ్డుకు బండి ఎవురు తెస్తారు?"

అని వంగి, బేలు వీపుకెత్తుకుని, వ్యాగను వైపు నడిచాడు.