సన్నబడుతున్న కొడుకు కోసం అమ్మ చేసిన ప్రార్థన

సహోదరీ సహోదరులారా, సాక్ష్యం చెప్పడానికి నిలబడ్డాను గానీ, దేవుడు నన్ను ఎట్లా విడిపించాడో నాకే ఇంకా సరిగ్గా అర్థం కాలేదు, విడిపించాడని మాత్రం ఎరుగుదును!

కల్వకుర్తిలో ఆటో నడుపుకునే నేను ఎంత లావుగా ఉండేవాడినో మీకు తెలుసు, ఆరాధన అయ్యాక అందరం కలిసి తినే ప్రేమవిందులో నా కంచం చూసి ఆశీర్వాదమంటే ఇదేనని మీరంతా నవ్వేవారు, నేనూ పొంగిపోయేవాడిని. అట్లాంటి నాకు మూత్రం ఆగి ఆగి రావడం మొదలైంది, హైదరాబాదు దవాఖానలో మూత్రసంచి కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథిలోంచి చిన్న ముక్క తీసి పరీక్షించి, ప్రోస్టేట్ క్యాన్సర్ అన్నారు.

ఆపరేషన్‌కు ముందు బరువు తగ్గి రమ్మంది డాక్టరమ్మ. కొవ్వు ఊరికే పడి ఉంటుందనుకున్నాను, అయ్యో, అది లెప్టిన్ లాంటి హార్మోన్లను రక్తంలోకి వదులుతుందట, అవి ఈ జబ్బు పెరగడానికి తోడ్పడవచ్చట, కణాల్లో మైక్రో ఆర్‌ఎన్‌ఏలని ఎంతో చిన్నవి ఉండి ఏ జన్యువు ఎంత పనిచేయాలో అదుపు చేస్తాయట, లావెక్కితే ఆ అదుపూ తప్పవచ్చట! అయితే నా తిండి వల్లే వచ్చిందా అంటే, అట్లా ఖాయంగా చెప్పలేం, సన్నగా ఉన్నవాళ్లకూ వస్తుంది, ఇంకా పరిశోధనలు జరుగుతున్నాయి అంది. నా బుర్ర గిర్రున తిరిగింది.

సరే, జొన్నరొట్టె తింటూ పొద్దున్నే నడవడం మొదలుపెట్టాను. కానీ మన సంఘంలో జబ్బుపడినవాళ్ల కోసం ప్రార్థించడానికి ఖాళీ చేతులతో వెళ్లం కదా, మేకకాళ్ల పాయా అని ఒకరు, బిర్యానీ అని ఒకరు తెచ్చారు, వద్దంటే మీ ప్రేమను తోసేసినట్టు, తింటే నా ప్రాణానికే ముప్పు! తిన్నాను. బరువు చూసి ఆపరేషన్ వాయిదా వేశారు.

ఆ తర్వాత ఎవరేం తెచ్చినా వద్దని దండం పెట్టాను. నేను నిజంగా సన్నబడేసరికి, కోస్గి దగ్గర మేకలు కాసుకునే మా అమ్మ వచ్చి చూసి గొల్లుమంది, కొడుకును రోగం తినేస్తోందని ఊరికి తిరిగెళ్లి మేకను కోయించి, డబ్బా నిండా తునకల కూర పట్టుకుని బస్సులో వచ్చింది. కొవ్వు రక్తంలోంచి రోగానికి కబుర్లు పంపుతుందని డాక్టరమ్మ మాటలు నాకొచ్చినట్టు చెబితే, "కొవ్వుకు నోరుంటదా, రోగంతోని మాట్లాడనీకె?" అని కసిరింది. నేను ముట్టలేదు, ఏడ్చుకుంటూ వెళ్లిపోయింది. నేనూ ఏడ్చాను, చేస్తున్నది తప్పో ఒప్పో తెలియలేదు.

మళ్లీ వచ్చినప్పుడు సంచి లేదు, డబ్బా లేదు. చాప మీద కూర్చుని నా తల మీద రెండు చేతులూ పెట్టింది.

"యేసయ్యా, నాకేం తెల్వదయ్యా. నా కొడుకు సన్నగైతాండు. రోగం తింటాందో, నువ్వే తగ్గిస్తున్నవో సమజైతలేదు. పెట్టే చేతులను ఆపుకున్న, గిదొక్కటే నాతోని అయింది. ఇగ నువ్వే సూసుకో."

ఆపరేషన్ అయింది, మొన్నటి రక్తపరీక్ష బాగా వచ్చింది, పరీక్షలకు ఇంకా వెళ్తూనే ఉండాలి. కత్తి వల్లనా, ఒళ్లు తగ్గడం వల్లనా, ప్రార్థన వల్లనా అంటే నేను విడదీసి చెప్పలేను, దేవునికే మహిమ, ఎవరి చేతుల్లో నుంచి చేసినా చేసింది ఆయనే! అన్నలారా, మూత్రం ఇబ్బంది పెడితే సిగ్గుపడకుండా డాక్టరుకు చూపించుకోండి, అర్థం కాకపోయినా దేవుణ్ణి నమ్మండి.

అమ్మ అదిగో, వెనక వరుసలో కూర్చుంది. ప్రేమవిందులో నా కంచంలో కొంచెమే వడ్డించమని వంటవాళ్లకు ఇందాకే చెప్పి వచ్చింది.