కంపెనీ మనిషే వేయించుకోలేదట

అనుమానించడం నా ఉద్యోగం. అమెరికాలో, పిస్కాటవే అనే ఊళ్ళో, మా ఇంటికి దగ్గర్లోనే ఉన్న ఒక మందుల కంపెనీలో, క్వాలిటీ విభాగంలో పనిచేస్తాను. తయారైన మందు బయటికి వెళ్ళేముందు ఎక్కడ ఏ పొరపాటు జరిగి ఉండవచ్చో వెతకాలి. సీసా మూత మార్చినా సరే, ఎందుకు మార్చారు, మార్చాక ఏం పరీక్ష చేశారు అని అడుగుతాను. ఒక్కో మార్పుకి ఒప్పుకోవడానికి నెలలు పడతాయి. అలాంటి నాకు, ఏడాది తిరక్కుండానే కోవిడ్ టీకా వచ్చేసిందని విన్నప్పుడు సంతోషం కంటే ముందు అనుమానమే వచ్చింది.

మా కంపెనీ ఆ టీకా చేయదు. అయినా అందరూ చదువుకోవడానికి పెట్టిన ట్రయల్ వివరాలు తెరిచి కూర్చున్నాను. ఒకదాని తర్వాత ఒకటి చేసే పనుల్ని పక్కపక్కనే చేశారు. ఫలితం తేలకముందే తయారీ మొదలుపెట్టారు. తేడా వస్తే అంతా పారబోయడమే. తొందర అర్థమైంది. తప్పు మాత్రం దొరకలేదు. దొరక్కపోయేసరికి నా అనుమానం ఇంకాస్త పెరిగింది.

ఆ రోజుల్లో మా అత్తగారు మా దగ్గరే ఉన్నారు. కొన్నాళ్ళు ఉండి వెళ్దామని తెనాలి నుంచి వచ్చిన మనిషి, విమానాలు ఆగిపోవడంతో ఇక్కడే చిక్కుకుపోయారు. అనుమానంలో ఆవిడ నాకంటే ఒక ఆకు ఎక్కువే చదివారు. ఇండియన్ స్టోర్‌కి వెళ్తే ముందు వరసలో ఉన్న పెరుగు డబ్బా తీసుకునేవారు కాదు; చెయ్యి వెనక్కి పెట్టి లోపలిది లాగేవారు. టీవీలో టీకా గురించి ఎవరు మాట్లాడినా, “మరి ఈయన వేయించుకున్నాడా?” అనేవారు. వేయించుకుంటున్నట్టు చూపిస్తే, “ఆ సిరంజిలో ఏముందో మనకేం తెలుసు?” అనేవారు.

పెద్దవాళ్ళకి ముందుగానే ఇస్తున్నా ఆవిడ ఇవాళ రేపు అంటూ వాయిదా వేశారు. వసంతం వచ్చి మా వయసువాళ్ళకీ ఇవ్వడం మొదలయ్యాక, మా ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని తంటాలు పడి ముగ్గురికీ స్లాట్లు బుక్ చేశారు. అత్తగారు ముభావంగా ఒప్పుకున్నారు. “నీ పెళ్ళాం మందుల కంపెనీలోనే ఉందిగా. తనకి తెలీకుండా ఉంటుందా,” అన్నారు కొడుకుతో.

నాకు తెలిసింది వేరే. చాలా ఏళ్ళ కిందట ఒక యాంటీబయాటిక్ ఇంజెక్షన్‌కి నా గొంతు వాచి ఊపిరాడలేదు. అలాంటి రియాక్షన్ వచ్చినవాళ్ళు ముందు డాక్టర్‌ని అడగాలని చెబుతున్నారు. మా డాక్టర్ ఆఫీస్‌కి ఫోన్ చేస్తే, ఎలర్జీ స్పెషలిస్టుని చూసేదాకా ఆగమన్నారు. నా స్లాట్ రద్దు చేసుకున్నాను. మా ఆయనకి చెప్పాను. అత్తగారికి మాత్రం చెప్పలేదు. అసలే భయపడుతున్న మనిషికి గొంతు వాపు కథ చెబితే ఇక ఆవిడ కదలరని నా భయం.

వారం తిరక్కుండానే ఆవిడ దొండకాయలు తరుగుతూ, తల ఎత్తకుండా అన్నారు: “నేను రాను. నాది కూడా తీయించేయమను.”

“ఏమైంది అత్తయ్యా?”

“చెల్లెలు ఫోన్ చేసింది. తెనాల్లో అందరూ అనుకుంటున్నారట. అమెరికాలో మందుల కంపెనీలో పనిచేసే తెలుగామె, తన వంతు వచ్చినా వేయించుకోకుండా రద్దు చేసుకుందట. లోపలి సంగతి తెలిసే కదా! మీ ఊరేనట. నీకు తెలీదూ ఆవిడెవరో?”

“మా ఆఫీస్‌లో అలాంటి వాళ్ళెవరూ లేరు,” అన్నాను. అబద్ధం చెప్పాలనుకోలేదు. అది నేనై ఉంటానని నిజంగా తట్టలేదు; నా సంగతి మా ఆయనకి తప్ప ఎవరికీ తెలియదనే అనుకున్నాను.

ఆవిడ నా మొహంలోకి ఓసారి చూసి మళ్ళీ దొండకాయల మీదికి వంగారు.

మర్నాడు, వరంగల్ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ నా స్నేహితురాలు ఫోన్ చేసింది. మా పిల్లలు కలిసి పెరిగారు. ఏ మాటైనా దాచకుండా అడుగుతుంది.

“అక్కా, నిజం చెప్పు. నువ్వు వ్యాక్సిన్ వద్దన్నవట కదా? మా అమ్మ వరంగల్‌ల విన్నది. పిస్కాటవేల ఫార్మాల చేసే ఆమె అంటే నువ్వే యాదికొచ్చినవ్.”

“ఎవరన్నారు?”

“ఎవరో ఏమో. ‘వండినమ్మే ముట్టని కూర వడ్డిస్తే ఎవరు తింటారు’ అని కూడా అంటున్నరట. మేం కూడా ఆగుదామా? నీకేం తెలుసో మాకు చెప్పొచ్చు కదా, అక్కా.”

ఆ సామెత నాకు కొత్త కాదు. అది మా వంటింట్లో మాట. నేను చేసిన ఉప్మా నేనే పక్కన పెట్టినప్పుడల్లా మా అత్తగారు అనేది అదే.

స్నేహితురాలికి ఉన్నదున్నట్టు చెప్పాను. “అట్లనా,” అంది. ఆ మాటలో నమ్మకం వినపడలేదు. ఉద్యోగం కోసం నేను ఏదో కప్పిపుచ్చుతున్నానని అనుకుంటోందనిపించింది. ఇన్నేళ్ళ స్నేహంలో ఆమె నన్ను అలా అనుమానించడం అదే మొదలు.

కిందికి దిగి, అత్తగారి ఎదురుగా కూర్చున్నాను. “అత్తయ్యా, నేను స్లాట్ రద్దు చేసుకున్నానని మీరు ఎవరికైనా చెప్పారా?”

“బయటివాళ్ళకి నేనెందుకు చెప్తాను? ఫోన్‌లో నువ్వు కాన్సిల్ అన్నావు, రియాక్షన్ అన్నావు. నాకు ఆమాత్రం ఇంగ్లీషు తెలుసు. చెల్లెలికి చెప్పుకున్నాను. చెల్లెలికి చెప్తే బయటికి చెప్పినట్టా?”

“ఆ తెనాలి వార్తలో ఉన్న మనిషిని నేనే.”

“అంటే నేనన్న మాటే ఊరు తిరిగి నా దగ్గరికి వచ్చిందా?” అన్నారు. “నేనింకా, నేననుకున్నదే ఊళ్ళోవాళ్ళూ అంటున్నారు కాబట్టి నిజమే అనుకున్నాను.”

నవ్వొచ్చింది కానీ ఆవిడ నవ్వే అవకాశం ఇవ్వలేదు. “అది సరే. మరి నువ్వెందుకు రద్దు చేసుకున్నావు?”

చెప్పాను. గొంతు వాపు, ఆసుపత్రి, అంతా. విన్నాక ఆవిడ కోపం టీకా మీద నుంచి నా మీదికి మళ్ళింది. “ఇన్నేళ్ళుగా నా చేతి వంట తింటున్నావు. పడనివి ఉన్నాయని ఒక్క మాట చెప్పకూడదూ? ఇంకా ఏమేం దాచావు?”

స్పెషలిస్టు నా పాత రియాక్షన్ గురించి అడిగి తెలుసుకుని, ఆ మందుకీ ఈ టీకాకీ పోలిక లేదనీ, వేయించుకోవచ్చనీ, తర్వాత మామూలుకంటే ఎక్కువసేపు అక్కడే కూర్చోవాలనీ చెప్పారు. నేను మళ్ళీ స్లాట్ తీసుకున్నాను. అత్తగారు తనది నా తర్వాతి వారానికి మార్పించుకున్నారు. “నీ వంతు రోజు నేను ఊరికే వస్తాను. నీకేమైనా అయితే చూసే మనిషి ఉండాలి,” అన్నారు. మా ఆయన వస్తానన్నా వినలేదు.

పెద్ద హాలు. దూరం దూరంగా మడత కుర్చీలు. సూది గుచ్చిందీ తెలియలేదు. అసలు భయం కూర్చున్నాకే. అంతా చదివిన నేను, నా గొంతు నేనే తడుముకుంటూ, ప్రతి గుటకనీ అనుమానిస్తూ కూర్చున్నాను. ఎదురుగా అత్తగారు రెప్ప వేయకుండా నన్నే చూస్తున్నారు.

“మాట్లాడుతూ ఉండు,” అన్నారు.

“ఏం మాట్లాడను?”

“ఏదైనా. గొంతు ఎలా ఉందో నాకు తెలియాలిగా.”

గోంగూర పచ్చడి ఎలా చేయాలో చెప్పమన్నారు. చెప్పాను. వెల్లుల్లి ఎప్పుడు వేయాలో తప్పు చెబితే సరిదిద్దారు. నన్ను కాపాడ్డానికి చూస్తున్నారో, టీకా సంగతి తేల్చుకోవడానికి చూస్తున్నారో నాకు ఇప్పటికీ తెలియదు. రెండూ అయి ఉంటాయి. అక్కడి నర్స్ వచ్చి ఇక వెళ్ళవచ్చన్నా, “ఇంకాసేపు కూర్చుందాం,” అన్నారు.

నాకు చెయ్యి నొప్పి, ఒక రోజు జ్వరం తప్ప ఏమీ కాలేదు. తర్వాతి వారం ఆవిడ వేయించుకున్నారు. ఇంటికి రాగానే తెనాలికి ఫోన్ చేసి, కోడలూ తనూ ఇద్దరం వేయించుకున్నామని గట్టిగా చెప్పారు. మొదటి మాట ఊళ్ళు దాటింది కానీ ఈ మాట చెల్లెలి గడప కూడా దాటలేదు. కూతురు చెప్పినా, కంపెనీవాళ్ళే అలా చెప్పిస్తున్నారని వరంగల్‌లో స్నేహితురాలి వాళ్ళమ్మ తేల్చేశారు. స్నేహితురాలు మాత్రం ఇంకొన్నాళ్ళు ఆగి, నన్ను రెండుసార్లు నడకకి రమ్మని పిలిచి, నేను బాగానే ఉన్నానని చూసుకుని, అప్పుడు వేయించుకుంది.

తెనాల్లో ఆ చెల్లెలుగారు చూద్దాం చూద్దాం అంటూ ఆగారు. ఆ వేసవిలో జబ్బు అక్కడ విరుచుకుపడింది. ఆవిడకీ సోకి, ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చింది. బతికి బయటపడ్డారు, కానీ దగ్గు చాలాకాలం వదల్లేదు. ఫోన్‌లో ఆ దగ్గు వినిపిస్తుంటే మా అత్తగారు కళ్ళు మూసుకుని కూర్చునేవారు.

బూస్టర్లు వచ్చినప్పుడు ఆ చెల్లెలుగారే ఫోన్ చేశారు. “మీ కోడలు వేయించుకుందా?” అని అడుగుతున్నారు. అత్తగారు జవాబు చెప్పకుండా ఫోన్ నా చేతిలో పెట్టారు.

“నువ్వే చెప్పు తల్లీ. నేను చెప్తే ఏమవుతుందో చూశాంగా.”