శుక్రవారం ఆఖరి పీరియడు

మా ల్యాబులో నేల సిమెంటుది. దాని మీద ఎవరైనా ఇనప కుర్చీని ఈడిస్తే వచ్చే కీచుమన్న చప్పుడు పంటి మూలాల్లోకి దిగుతుంది. మొన్న ఒక కంపెనీ మనిషి, మేము సరిచూసి పెట్టిన ప్రెజర్ గేజీలు తీసుకువెళ్ళడానికి వచ్చాడు. మా జూనియర్ కూర్చున్నచోటి నుంచే ఒక కుర్చీని కాలితో అతనివైపు తోశాడు. ఆ చప్పుడు చెవిన పడగానే నేను లేచి, అదే కుర్చీని రెండు చేతులతో పైకెత్తి, అతని పక్కన శబ్దం రాకుండా దింపి, "కూర్చోండి" అన్నాను. చేసేశాక గానీ చేశానని నాకు తెలియలేదు. జూనియర్ నవ్వాడు. "సార్, మీది కోనసీమ కదూ?" అన్నాడు. "రాజోలు దగ్గర" అన్నాను. "అదీ సంగతి, గోదావరి వాళ్ళ మర్యాద!" అన్నాడు. అతనికి ఎలా చెప్పను? అది గోదావరిది కాదు. మా రత్నం టీచరుగారిది.

నేను మూడో తరగతిలో ఉండగా రత్నం టీచరుగారు మా ఊరి బడికి బదిలీ మీద వచ్చారు. కొబ్బరితోటకీ పంటకాలువకీ మధ్య రెండు గదుల బడి మాది. ఆవిడ సన్నగా, పొడుగ్గా ఉండేవారు. సైకిలు మీద వచ్చేవారు. పెళ్ళి కాలేదనీ, అయిందనీ ఊళ్ళో రెండు రకాలుగా అనుకునేవారు. ఆవిడని అడిగినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు. మొదటిరోజు హాజరు పిలుస్తూ మా అందరి పేర్ల చివరా 'గారు' చేర్చారు. "దుర్గాప్రసాదుగారూ" అని నన్ను పిలిస్తే ఎవరో పెద్దాయన వచ్చాడేమోనని గుమ్మంవైపు చూశాను. గదంతా గొల్లుమంది. ఆవిడ నవ్వలేదు. "మిమ్మల్నేనండి. పలకాలి కదండి?" అన్నారు. నేను "ఊ" అన్నాను. "ఊ కాదండి. ఆయ్ అనాలి" అన్నారు. "ఆయ్" అన్నాను. ఆ రోజు నుంచీ మమ్మల్ని మర్యాదగా ఉండమని ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. మాతో ఆవిడే మర్యాదగా ఉండేవారు. ఎనిమిదేళ్ళవాడిని ఒక పెద్దావిడ 'మీరు' అంటుంటే, వాడు పక్కవాడి పలక ఎలా లాక్కుంటాడు?

ఆవిడ నియమాలు నాకు ఇప్పటికీ వరసగా గుర్తున్నాయి. చెప్పులు గుమ్మానికి ఎడమపక్కన, జతలు విడిపోకుండా, ముక్కులు బయటికి ఉండేలా విడవాలి. ఒకరు మాట్లాడుతుంటే రెండోవారు ఆగాలి. ఆగడమంటే నోరు మూసుకోవడం ఒక్కటే కాదు, అవతలివారి ముఖంవైపు చూడాలి. అడగకుండా ఎవరి వస్తువూ ముట్టుకోకూడదు. నలుగురిలో జరిగిన తప్పుకు నలుగురిలోనే క్షమాపణ చెప్పాలి. ఈ చివరిది ఆవిడకీ వర్తిస్తుందని మాకు ఒకరోజు తెలిసింది. రంగు సుద్దముక్కల పెట్టె కనబడకపోతే, ఆవిడ బుజ్జమ్మ అనే పిల్లని కాస్త గట్టిగా అడిగారు. ఆ పిల్ల ఏడ్చింది. మర్నాడు ఆ పెట్టె టీచరుగారి సంచీలోనే దొరికింది. ఆవిడ అందరి ముందూ లేచి నిలబడి, చేతులు జోడించి, "బుజ్జమ్మగారూ, నాదే పొరపాటండి. క్షమించండి" అన్నారు. క్షమాపణ చెప్పడం మాకు నేర్పారు గానీ, ఎవరైనా మనకి చెబితే ఏమనాలో ఇంకా నేర్పలేదు. బుజ్జమ్మ దిక్కులు చూసి, చూసి, తనకి వచ్చిన మర్యాద మాట ఒకటి బయటికి తీసింది. "ఎప్పుడొచ్చేరండీ? దారిలో అంతా బాగుందాండీ?" అంది. రత్నం టీచరుగారు పగలబడి నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆ మాట శుక్రవారం ఆఖరి పీరియడులోది. ఆ పీరియడులో పాఠం ఉండదు, చుట్టాల ఆట ఉంటుంది. ఒకరు ఇంటివాళ్ళు, ఒకరు చుట్టం. చుట్టం గుమ్మంలోకి రాగానే ఇంటివాళ్ళు లేవాలి, దణ్ణం పెట్టాలి. కుర్చీ ఈడ్చకుండా ఎత్తి తెచ్చి వేయాలి. గ్లాసు అంచుని వేళ్ళు తగలకుండా పట్టుకుని మంచినీళ్ళు ఇవ్వాలి. ఎప్పుడొచ్చేరో, ప్రయాణం ఎలా జరిగిందో అడగాలి. వచ్చినవారి చేతిలో సంచీ ఉంటే దానివైపు చూడకూడదు. వారిని ఏదీ ఇమ్మని అడగకూడదు. అంతా సరిగ్గా చేస్తే తరగతి చప్పట్లు కొట్టేది. ఒకసారి నానిగాడు, "టీచరుగారండీ, మా ఇంట్లో చుట్టాలొస్తే మా నాన్న పెరటి గుమ్మంలోంచి పారిపోతాడండి" అన్నాడు. "అయితే వచ్చేవారం మీ నాన్నగారిని కూడా తీసుకురండి, ఆయనకీ నేర్పేద్దాం" అన్నారు ఆవిడ.

నాకు ఆ పీరియడు ప్రాణం. కారణం అప్పుడు తెలియదు, ఇప్పుడు కొంత తెలుసు. తరవాత ఏం చేయాలో ముందే తెలిసి ఉండటం నాకు ధైర్యంగా ఉండేది. మా ఇంట్లో నేనూ నానమ్మా. నాన్న రొయ్యల చెరువుల మీద కాపలా, వారానికోసారి వచ్చేవాడు. అమ్మ నాకు ఊహ తెలియని వయసులోనే ఇంటిపనికి మస్కట్ వెళ్ళింది. ఆవిడ ఫొటో గూట్లో ఉండేది. మా ఇంటికి చుట్టాలంటూ ఎవరూ వచ్చేవారు కాదు. అందుకని నేను అరుగు మీద స్టూలు ఎత్తి వేసి, ఎవరూ లేని దానికి నీళ్ళు ఇచ్చి, ప్రయాణం గురించి అడిగేవాణ్ణి. జవాబు కోసం ఆగి, ముఖం ఉండాల్సినచోటుకి చూసేవాణ్ణి కూడా. అమ్మకి సెలవు శుక్రవారమే. ఆఖరి పీరియడు అవగానే నేను నేరుగా పక్కింటివాళ్ళ ఫోను దగ్గరికి వెళ్ళేవాణ్ణి. అప్పుడే నేర్చుకున్న మాటలు నోట్లో ఉండేవి. "బాగున్నావా నాన్నా?" అని అమ్మ. "బాగున్నానండి. మీరు బాగున్నారాండీ?" అని నేను. పక్కింటివాళ్ళు మురిసిపోయేవారు. అవతల అమ్మ ఒక్క క్షణం ఏమీ అనేది కాదు. లైను దూరం కదా, మాట ఆలస్యంగా వెళుతోందనుకునేవాణ్ణి.

ఆ ఏడాది, వానలు వెనకబట్టాక, అమ్మ సెలవు మీద వచ్చింది. బస్సు దిగి, సామాను అరుగు మీద పెట్టించి, ఇంట్లో కాలు కూడా పెట్టకుండా బడికి వచ్చేసిందట. మేము ఎక్కాలు చెబుతున్నాం. గుమ్మంలో మెరిసే చీర కట్టుకుని ఒకావిడ నిలబడింది. ఆవిడకంటే ముందు అత్తరు వాసన లోపలికి వచ్చింది. "మా ప్రసాదు ఈ బళ్ళోనేనాండీ?" అని అడిగింది. ఆవిడెవరో నాకు తెలుసు. ఈ మాట ఎవరికి చెప్పినా నమ్మరు గానీ, నాకు వెంటనే తెలిసింది. గూట్లో ఫొటో రోజూ చూసేవాణ్ణి. తెలిసే, నేను లేచి దణ్ణం పెట్టాను. టీచరుగారి పక్కనున్న కుర్చీని ఎత్తి తెచ్చి వేశాను. కుండలోంచి నీళ్ళు ముంచి, గ్లాసు అంచుని వేలు తగలకుండా ఇచ్చాను. "ఎప్పుడొచ్చేరండీ? దారిలో అంతా బాగుందాండీ?" అన్నాను. గుమ్మంలోంచి వచ్చేవాళ్ళ కోసం నాకు తెలిసింది అదొక్కటే. అమ్మ గ్లాసు పట్టుకుంది. తాగలేదు. "బాగుంది బాబూ" అంది. అప్పుడు మావాళ్ళు, ప్రతి శుక్రవారం లాగే, చప్పట్లు కొట్టారు. రత్నం టీచరుగారు చెయ్యెత్తి ఆపబోయారు గానీ అప్పటికే కొట్టేశారు. అమ్మ ఆ గ్లాసుని అలాగే కింద పెట్టింది. టీచరుగారివైపు తిరిగి, "చాలా బాగా నేర్పేరండి" అంది. దెప్పుతూ అనలేదు. దెప్పి ఉంటే బాగుండేదని టీచరుగారి ముఖం చూస్తే అనిపించింది.

ఇంట్లోనూ అంతే జరిగింది. అమ్మ పులస లేని కాలంలో ఏదో చేప తెప్పించి పులుసు పెట్టి, ఇంకాస్త వెయ్యనా అంటే "చాలండి" అనేవాణ్ణి. మస్కట్ నుంచి తెచ్చిన రిమోటు కారుని, ఇచ్చినవారి ఎదుట విప్పకూడదని, అట్టపెట్టెతో సహా గూట్లో పెట్టాను. రాత్రి పక్కన పడుకోమంటే చాప చివర, ఆవిడకి తగలకుండా పడుకున్నాను. "నీ కొడుకు కలెక్టరైపోయేడే, మనకి అందడు" అని నానమ్మ నవ్వేది. అమ్మ నవ్వేది కాదు. సెలవు సగానికి వచ్చాక ఒక సాయంత్రం అమ్మ బడికి వచ్చింది. నేను బోర్డు తుడుస్తున్నాను. నేను వింటున్నానని వాళ్ళిద్దరికీ తెలుసు. అయినా మాట్లాడుకున్నారు. "నేను మళ్ళీ వెళ్ళిపోవాలండి. వెళ్ళేలోపల ఒక్కసారైనా వాడు నన్ను ఏదో ఒకటి అడుగుతాడేమోనని చూస్తున్నానండి. అందరి పిల్లలూ అమ్మల్ని పీక్కుతింటారు కదండి. వీడు నాకు మంచినీళ్ళిస్తాడండి" అంది అమ్మ. టీచరుగారు హాజరు పుస్తకం మూసేశారు. "వచ్చినవాళ్ళతో ఎలా ఉండాలో చెప్పేనమ్మా. మనవాళ్ళతో ఎలా ఉండాలో చెప్పాల్సొస్తుందని నాకు తోచలేదు. అది ఇంట్లో వచ్చేస్తుందనుకున్నాను" అన్నారు.

ఆ శుక్రవారం ఆఖరి పీరియడులో చుట్టాల ఆట లేదు. "మీ అమ్మగారు సంతకెళ్ళి వచ్చేరనుకోండి. మీరేం చేస్తారండి?" అని టీచరుగారు అడిగారు. "సంచీ లాక్కుంటామండి!" "జీళ్ళు తెచ్చేవా అంటామండి!" "తేకపోతే కింద పడి దొర్లుతానండి" అన్నాడు నానిగాడు. "కుర్చీ వేసి నీళ్ళివ్వరా?" అన్నారు ఆవిడ. అంతా నవ్వారు. "అమ్మకెందుకండీ!" అంది బుజ్జమ్మ. నేనూ నవ్వాను, అందరూ నవ్వుతున్నారు కనక. బడి వదిలాక ఆవిడ నన్ను ఉండమన్నారు. నా ఎదురుగా నేల మీద కూర్చున్నారు. మొదటిసారి 'గారు' తీసేశారు. "ఒరే ప్రసాదూ, అమ్మని ఏదైనా అడగరా. ఇవ్వనంటే పేచీ పెట్టు."

"పేచీ తప్పు కదండి?"

"మా దగ్గర తప్పు. అమ్మ దగ్గర కాదు."

"ఏం అడగాలండి?"

ఆవిడ ఏదో చెప్పబోయి ఆగారు. "అది నేను చెబితే నువ్వు అడిగినట్టు కాదురా" అన్నారు.

నాకు అంత కష్టమైన ఇంటిపని ఎప్పుడూ ఇవ్వలేదు. ఏం అడగాలో రోజూ ఆలోచించాను. పుస్తకాలున్నాయి, పెన్సిలుంది, చెప్పులున్నాయి. లేనివి వెతికితే ఏవీ కనబడలేదు. అమ్మ నా ముఖంలోకి చూస్తూ తిరిగేది. నేను "ఏమీ వద్దండి" అనేవాణ్ణి. ఆవిడ వెళ్ళే రోజు మధ్యాహ్నం వ్యాను వచ్చింది. డ్రైవరు పెట్టె ఎత్తబోయాడు. అప్పుడు, నేను అనుకోకుండానే, నా చెయ్యి ఆ పెట్టె పిడిని పట్టుకుంది. డ్రైవరు లాగాడు. నేను వదల్లేదు. "అమ్మా, వెళ్ళకే" అన్నాను. "వెళ్ళకే. నువ్వు వెళ్ళకే" అని అరిచాను. నేల మీద కూలబడి కాళ్ళు కొట్టుకున్నాను. నానమ్మ, "తప్పురా, ప్రయాణమైనవాళ్ళని ఆపకూడదు" అంటూ నా చెయ్యి విడిపించబోయింది. అమ్మ ఆవిడని ఆపింది. "ఉండండత్తయ్యా. అడగనివ్వండి వాణ్ణి. నన్నే అడుగుతున్నాడు" అంది. పెద్దగా ఏడుస్తోంది, కానీ ఆ ముఖం నవ్వుతున్నట్టే ఉంది. డ్రైవరు వ్యాను స్టార్టు చేసేదాకా నన్ను గట్టిగా పట్టుకుంది. తరవాత వెళ్ళింది. అడిగినంత మాత్రాన ఇవ్వగలిగేది కాదు కదా అది.

మర్నాడు నేను చెప్పులు ఒకటి ఇటూ ఒకటి అటూ విసిరేసి బడిలోకి వెళ్ళాను. ఎవరికీ పలకలేదు. రత్నం టీచరుగారు వాటిని తనే జతచేసి పెట్టి, నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"అడిగేవా?"

"ఆయ్."

"ఇచ్చేరా?"

"లేదండి."

ఆవిడ నా తల మీద చెయ్యి వేశారు. "కొన్నాళ్ళు నన్ను తిట్టుకుంటావురా. తిట్టుకో" అన్నారు. నాకు అర్థం కాలేదు. మెల్లిగా అర్థమైంది. అంతకుముందు అమ్మ దూరంగా ఉండే ఒక మనిషి. ఆ పెట్టె పిడి చేతిలోంచి జారాక, ఆవిడ లేకపోవడం మొదలైంది. పులుసులో, చాపలో, ఫోను పక్కన, అన్నిచోట్లా మొదలైంది.

నేను అయిదులోకి వచ్చేసరికి టీచరుగారికి కొత్తపేటవైపు బదిలీ అయింది. డిప్లొమా చదువుతున్నప్పుడు ఒకసారి రాజోలు బస్టాండులో కనబడ్డారు. ఒక్కరే ఉన్నారు. జుట్టు నెరిసింది. "దుర్గాప్రసాదుగారూ!" అని ఆవిడే గుర్తుపట్టారు. "అమ్మగారు ఎలా ఉన్నారు?" అన్నారు. "ఇంకా అక్కడే ఉందండి" అన్నాను. "ఏమైనా అడుగుతున్నారా మరి?" అన్నారు. "ఆయ్" అన్నాను. మీరు ఎవర్ని అడుగుతారండీ అని నాలుక చివరిదాకా వచ్చింది. అలా అడగడం మర్యాద అవునో కాదో తేల్చుకునేలోపు ఆవిడ బస్సు వచ్చేసింది. ఆ తరవాత ఆవిడ గురించి నాకు ఎవరూ చెప్పలేదు.

ఉద్యోగం చేసే ఈ ఊళ్ళో నేను ఉండేది ఒక గది. ల్యాబులో అందరూ నన్ను మంచివాడంటారు, ఎవరూ గదిదాకా రారు. నేనూ రమ్మనను. అమ్మ మాత్రం శుక్రవారాల్లో ఫోను చేస్తుంది. వీసా ఇంకో రెండేళ్ళు పొడిగించారని పోయిన వారం చెప్పింది. "ఇంక చాలే, వచ్చెయ్యవే" అన్నాను. "చూద్దాం నాన్నా" అంది. చూద్దాం అంటే రావడం లేదని నాకు తెలుసు. అయినా మళ్ళీ అడిగాను. అడుగుతూంటే ఆవిడ గొంతు మెత్తబడుతుంది. "ఇక్కడ పనుందిరా, పెట్టేస్తాను" అంటుంది. "పెట్టెయ్యకే, ఇంకాసేపుండు" అంటాను. ఒక్కోసారి ఉంటుంది, ఒక్కోసారి పెట్టేస్తుంది. పెట్టేశాక గది ఖాళీగా ఉంటుంది. ఎవరు లేక ఖాళీగా ఉందో నాకు తెలుసు.