పరీక్షకు ముందు వారం

మా చెల్లెలు హత్సుయె మొగుడు కురమోచి, కురుమె అనే ఊళ్ళో సిటీ బస్సు నడిపేవాడు. మనిషి మంచివాడే. తిండి దగ్గర మాత్రం అతన్ని చూస్తే నాకు అసహ్యం వేసేది. డ్యూటీ దిగగానే కోడి చర్మం పుల్లలకు గుచ్చి కాల్చే కొట్టుకు పోయేవాడు. గడ్డం వెంట నూనె కారుతున్నా పట్టించుకోకుండా చిలగడదుంప సారా తాగేవాడు. ఆ పైన పంది ఎముకల సూపులో నూడిల్స్. పైన తేలే కొవ్వుతో సహా గిన్నె ఎత్తి తాగేసి, మూతి తుడుచుకుని, "ఇది లేకపోతే బతుకెందుకు వదినా" అనేవాడు. ఛీ అనేదాన్ని. నవ్వేవాడు.

ఏటా వసంతంలో కంపెనీవాళ్ళు రక్తపరీక్ష చేయిస్తారు. దానికి ముందు వారం బస్సు డిపో మఠమైపోతుంది. సారా బంద్. టోఫూ, ఉడికించిన క్యాబేజీ, రుచీ పచీ లేని కంద జెల్లీ, అంతే. పరీక్ష అయిన సాయంత్రం అందరూ మళ్ళీ ఆ కొట్టులోనే తేలతారు. అది మోసమని వాళ్ళలో ఒక్కడూ అనుకోడు. పెళ్ళిచూపులకు తల దువ్వుకుని వెళ్ళమా, ఇదీ అంతేనట. ఈ విద్యలో కురమోచి అందరికీ గురువు. అతని రక్తంలో కొవ్వు ఎక్కువుందని ఏ ఏడూ రాలేదు.

అలాంటివాడికి అరికాళ్ళు కారం పూసినట్టు మండడం మొదలైంది. దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోయేవాడు. డాక్టర్లు చూశారు. చక్కెర లేదు, వెన్నెముక బాగానే ఉంది. కొవ్వు సంగతి అడిగితే, కంపెనీ పరీక్షలో అంతా బాగుందండీ అనేవాడు. కారణం దొరక్క నడుముకు పట్టీలు వేశారు, సూదులు గుచ్చారు. మంట తగ్గలేదు సరికదా, పాదాలు మొద్దుబారాయి. చెప్పు జారిపోయినా తెలిసేది కాదు.

ఒకరోజు హత్సుయె ఏడుస్తూ వచ్చింది.

"అక్కా, బ్రేకు మీద కాలుందో లేదో కిందికి చూసుకుని మరీ నడుపుతున్నాడే. బస్సు నిండా బడిపిల్లలు."

నాకు ఒళ్ళు మండిపోయింది. పెద్దాసుపత్రిలో నరాల డాక్టరు దగ్గర చీటీ రాయించాను కానీ, ఏ రోజన్నది అతనికి చెప్పలేదు. చెబితే మళ్ళీ మఠం పెడతాడు. రాత్రి కొట్టునుంచి వచ్చి పడుకున్నవాణ్ణి పొద్దున్నే లేపి, పరగడుపునే లాక్కుపోయాను.

ఆ డాక్టరమ్మ పేరు ఇనాగాకి. రక్తం తీసిన గొట్టాన్ని కాసేపయ్యాక తెచ్చి చూపించింది. అడుగున ఎరుపు, పైన చిక్కగా తెల్లగా. అచ్చం ఆ పంది ఎముకల సూపే!

"నరాలు పాడవడానికి ఇదొక్కటే కారణమని చెప్పలేనండీ. సారా కూడా అయ్యుండచ్చు. కానీ ఇంత కొవ్వుంటే నరాలు దెబ్బతినే అవకాశముంది. ఏటా పరీక్ష చేస్తున్నారంటున్నారు, ఎందుకు దొరకలేదో మరి" అంది.

కురమోచి తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. ముందు వారం సంగతి నేనే చెప్పాను. మొదట్లోనే తెలిసుంటే బాగుండేదని ఆవిడ అంది; కొవ్వు తగ్గిస్తే మంట తగ్గొచ్చు కానీ పోయిన స్పర్శ తిరిగొస్తుందని మాట ఇవ్వలేనని చెప్పింది. ఇక బస్సు నడపొద్దంది.

సారా మానేశాడు. మందులు మింగుతూ ఇంట్లోనే ఉన్నాడు. వసంతం వచ్చింది. డిపో స్నేహితులు ముగ్గురు పరామర్శకు వచ్చారు. వచ్చినవాళ్ళు చేతిలో ఏం తెచ్చారనుకున్నారు? కంద జెల్లీ. కాసేపు అయ్యో పాపం అని, తర్వాత మునెయుకి అనేవాడు గొంతు తగ్గించాడు.

"అన్నా, వచ్చే వారమే పరీక్ష. నువ్వు ఏ ఏడూ దొరికిపోలేదు కదా. ఎన్ని రోజుల ముందు సారా ఆపేవాడివి?"

వీళ్ళ మొహాన పేడనీళ్ళు కొట్టాలనిపించింది. కురమోచి కసురుకుంటాడేమో అని చూశాను. కళ్ళు మెరిశాయి ఆ పెద్దమనిషికి. చాలా రోజుల తర్వాత నిటారుగా కూర్చున్నాడు.

"వారం చాలదురా. పది రోజుల ముందే ఆపాలి. ఆఖరి మూడు రోజులూ..."

చేతులు ఊపుతూ చెబుతుంటే మోచెయ్యి తగిలి టీ కెటిల్ ఒరిగింది. పొగలు కక్కే టీ అతని పాదం మీదుగా చాప మీదికి పారింది. ముగ్గురూ నోళ్ళు తెరిచి అటే చూస్తున్నారు.

"ఏమైందిరా, వినండి," అన్నాడు కురమోచి, "ఆఖరి మూడు రోజులూ గుడ్డు కూడా ముట్టకూడదు."