ముళ్ళు తీసిన ముద్ద

నాకేదో ప్రమాదం ముంచుకొస్తోందని మొట్టమొదట తెలిసింది ఒక అన్నం ముద్ద దగ్గర. రెండేళ్ళ కిందటి మాట. ఎండాకాలం, మధ్యాహ్నం భోజనాలు. శీలావతి చేప ముక్కలో ముళ్ళన్నీ ఏరేసి, పులుసన్నంలో కలిపి, ముద్ద చేసి మా అమ్మాయి నోటి దగ్గరికి తీసుకెళ్ళేను. పిల్ల నా మణికట్టు పట్టుకుని మెల్లిగా పక్కకి జరిపి, "వద్దమ్మా. ముళ్ళు నేనే తీసుకుంటాను. పిన్ని నేర్పుతానంది" అంది. విసురుగా తోసేసి ఉంటే వీపు మీద ఒకటిచ్చి ముద్ద పెట్టేసేదాన్ని. అలా కాదు, పెద్దవాళ్ళు పెళ్ళిలో రెండోసారి వడ్డన వద్దన్నట్టు మర్యాదగా వద్దంది. అందుకే భయం వేసింది.

ఆ సంగతి ఇప్పుడు, అందరూ పడుకున్నాక కూర్చుని రాయడానికి కారణం ఉంది. ఆ పిల్లే ఇవాళ హైదరాబాదు నుంచి సెలవలకి వచ్చింది. రెండేళ్ళుగా మా మరిది వాళ్ళ దగ్గర ఉండి చదువుకుంటోంది. రాగానే మా అత్తగారు అలవాటు కొద్దీ సాసర్లో కాఫీ పోసి అందించేరు. "ఇప్పుడే వద్దు నాయనమ్మా, కాఫీ తాగాలో మానాలో ఇంకా ఆలోచిస్తున్నాను" అంది. "ఆలోచించే లోపల చల్లారిపోద్దే" అని ఆవిడ తనే తాగేసేరు. రాత్రి అన్నాల దగ్గర నేను మా అబ్బాయికి చేప ముళ్ళు తీస్తుంటే చూసి, "అమ్మా, వాడికింకా నువ్వే తీస్తున్నావా?" అంది. వాడికి ఏడేళ్ళు. ఆ అడగడంలో తప్పు లేదు. అడిగిన గొంతు మాత్రం అచ్చంగా నా తోడికోడలిది. ఆ చివర్లో కాస్త నవ్వు కలపడం దగ్గర్నుంచీ. ఇన్నాళ్ళూ ఆరిపోయిందనుకున్న మంట కడుపులో మళ్ళీ రాజుకుంది.

మా తోడికోడలు చెడ్డ మనిషైతే నాకీ బాధ ఉండేది కాదు. కొత్తపేట వైపు పిల్ల, నాకంటే చిన్నది, నన్ను "అక్కయ్యగారూ" అని తప్ప పిలవదు. మా మరిదికి హైదరాబాదులో కంపెనీ ఉద్యోగం. వాళ్ళకి పిల్లల్లేరు. ఏటా వేసవిలో రాజమండ్రిలో రైలు దిగి, బస్సులో కోటిపల్లి వచ్చి, గోదావరి దాటి ముక్తేశ్వరం రేవులో దిగి, అమలాపురంలో మా ఇంటికి చేరేసరికి ఇద్దరి తలల్లోనూ ఇసకుండేది. వాళ్ళొచ్చేరంటే మా పిల్లలిద్దరికీ నేను కనపడ్డం మానేసేదాన్ని. అంతవరకూ ఓర్చుకున్నాను. సెలవల చుట్టాల మీద పిల్లలకి మోజు మామూలే కదా. ఆ యేడు మాత్రం వాళ్ళు వట్టి చుట్టాల్లా రాలేదు. హైదరాబాదులో మోర్మన్లని ఒక సంఘం ఉందనీ, ఎవరో ఒకరింట్లో పదిమంది కూడుకుంటారనీ, తాము అందులో బాప్తిస్మం తీసుకున్నామనీ చెప్పేరు.

మాది ముత్తాతల నాటి నుంచీ క్రైస్తవ కుటుంబం. గుళ్ళో రెండో బెంచీ మాదే. ఎవరూ రాసివ్వలేదు గానీ, అక్కడ వేరేవాళ్ళు కూర్చుంటే మా అత్తగారికి ప్రసంగం తలకెక్కదు. మా మామగారు హెడ్మాస్టరు చేసి రిటైరైన మనిషి. కొడుకు చెప్పిందంతా విని, "అందులో యేసుప్రభువు ఉన్నాడా?" అని అడిగేరు. "ఉన్నాడండి నాన్నగారూ" అన్నాడు మా మరిది. "అయితే స్నానం చేసి రా, భోంచేద్దాం" అన్నారు. ఆయన వరకూ అది అక్కడితో తేలిపోయింది. అత్తగారికి మాత్రం మతం కంటే కాఫీ దగ్గర దెబ్బ తగిలింది. కొత్త సంఘం వాళ్ళు కాఫీ, టీ ముట్టరట.

"పొద్దుటే కాఫీ తాగని క్రైస్తవం ఏంటే? మీ పాస్టరుగారు మీ వంటింట్లో కాపలా కాస్తాడా?"

"ఎవరూ చెయ్యి పట్టుకోలేదండి అత్తయ్యగారూ. మానెయ్యాలని నేనే అనుకుని మానేసేను."

"నీకు నువ్వే అనుకుంటే మరీ అన్యాయం. ఎవరైనా అనిపిస్తే వాళ్ళని తిట్టుకునేదాన్ని."

నేనే అనుకున్నాను అనే ఆ మాట నా తోడికోడలి నోట్లో రోజుకి పదిసార్లు వినపడేది. పిల్లల్ని కూడా అలాగే అడిగేది. ఏ గౌను వేసుకుంటావు? ఒక జడా, రెండు జడలా? ముంజలు ఇప్పుడు తింటావా, సాయంత్రమా? నేను బీయే చదివేను, నలుగురికీ ట్యూషన్లు చెప్పేను, కానీ నా కడుపున పుట్టిన పిల్లని ఏ గౌను కావాలని ఏనాడూ అడగలేదు. ఎందుకడుగుతాను? తీసి తొడిగేదాన్ని. సపోటా గింజ తీసి పెట్టేదాన్ని, కాలవ గట్టు మీదకి ఒంటరిగా పోనిచ్చేదాన్ని కాదు, తుమ్మితే శొంఠి పట్టేదాన్ని. ఒక ఆదివారం మా అమ్మాయి పెట్టె ముందు కూర్చుని, గంట మోగేవరకూ ఆలోచించి, పచ్చ గౌను మీదకి ఒక జడకి ఎర్ర రిబ్బనూ, రెండో జడకి నీలం రిబ్బనూ కట్టించుకుని గుడికొచ్చింది. అందరూ చూసేరు. అది మాత్రం దారి పొడుగునా తల ఊపుకుంటూ, రెండు జడలూ రెండు భుజాల మీదా ఆడించుకుంటూ నడిచింది. నేను వేసిన ఏ జడనీ అది అలా మోయలేదు. పాట జరుగుతున్నంతసేపూ నేను దేవుణ్ణి చూడలేదు, ఆ రిబ్బన్లనే చూస్తూ కూర్చున్నాను.

ఒక సాయంత్రం అరుగు మీద మా మామగారే తోడికోడల్ని అడిగేరు, "మీవాళ్ళు కొత్తగా చెప్పేదేంటమ్మా?" అని. అప్పుడు చెప్పింది. మనమందరం పుట్టకముందు దేవుడి దగ్గరే, ఆయన పిల్లలుగా ఉండేవాళ్ళమట. మనల్ని భూమ్మీదకి పంపే ముందు అక్కడొక పెద్ద సభ జరిగిందట. ఒకడు లేచి, నన్ను పంపండి, ఒక్కళ్ళు కూడా తప్పిపోకుండా అందర్నీ వెనక్కి తీసుకొస్తాను, ఎవరికీ తప్పు చేసే వీలే లేకుండా చేస్తాను, ఆ గొప్ప మాత్రం నాకివ్వండి అన్నాడట. ఇంకొకాయన లేచి, అలా వద్దు, మంచో చెడో వాళ్ళనే ఎంచుకోనివ్వండి, పొరపాట్లు చేస్తే వాటి భారం నేను మోస్తాను, ఘనత మీకే అన్నాడట. దేవుడు రెండో ఆయన్ని పంపేడు. ఆయన యేసు. మొదటివాడు అలిగి తిరగబడ్డాడు, వాడు సాతాను. మనం కూడా ఆ సభలో ఉండి, ఎంచుకునే స్వేచ్ఛ కావాలనే భూమ్మీదకి వచ్చేమట. అందుకే ఆదాము తప్పు మన నెత్తిన లేదు, ఎవరి తప్పుకి వాళ్ళే. ఎనిమిదేళ్ళు వచ్చేదాకా పిల్లలకి పాపమే అంటదు. ఆ తర్వాత బాప్తిస్మం కావాలో వద్దో వాళ్ళు చెప్పాలి.

మా అత్తగారు వక్క నములుతూ, "అందర్నీ ఇంటికి తీసుకొస్తానన్నోణ్ణి సాతానంటారేంటే? ఆడే నయంలా ఉన్నాడు" అన్నారు. అందరూ నవ్వేరు. నేను నవ్వలేకపోయేను. నా మనసులో మాట ఆవిడ పైకి అనేసేరు. ఒక్కళ్ళు కూడా తప్పిపోరంటే ఏ తల్లికి చేదు? ముళ్ళన్నీ తీసేసి ముద్ద పెట్టేవాడు ఆ మొదటివాడు. నేను చేసే పనీ అదే. ఆ గొప్ప నాకివ్వండి అన్న మాట దగ్గర మాత్రం నాకు కాస్త గుచ్చుకుంది. మా పిల్ల అన్నం ఎవరు పెడితే తింటుంది అంటే, అమ్మ పెడితేనే అని చెప్పుకోవడం నాకెంత ఇష్టమో నాకు తెలుసు.

"మా పిల్లకి ఎంచుకోవడం ఎవరూ నేర్పక్కర్లేదు, అన్నప్రాశన నాడే పుస్తకం పట్టుకుంది" అన్నారు అత్తగారు, మాట నాకు సాయంగా వేద్దామని. నిజమే, పట్టుకుంది. కత్తీ, పువ్వూ, గొలుసూ గోడ దగ్గరికి జరిపేసి, పుస్తకం ఆవిడే పిల్ల అరచేతి కిందకి తోసేరు. ఆ యేడు పుట్టిన మా చుట్టాల పిల్లలందరూ పుస్తకాలే పట్టుకున్నారు.

తర్వాత ముళ్ళు తీసుకునే పాఠం మొదలైంది. ముందు వేలితో తడిమి చూడు, నడుం ముల్లు ఊడదియ్యి, సన్నవాటిని వెలుగులో పెట్టి వెతుకు. మూడో రోజో నాలుగో రోజో గొంతులో ముల్లు దిగింది. పిల్ల కళ్ళు ఎర్రబడ్డాయి, దగ్గలేక దగ్గింది. నేను ఒక్క ఉదుటున వెళ్ళి ఉత్తన్నం పెద్ద ముద్ద చేసి, నమలకుండా మింగించేను. ముల్లు జారిపోయింది. "బాగా నేర్పేవమ్మా" అన్నాను తోడికోడలితో. ఆ మాటకి తోడికోడలి కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. నా ప్రాణం హాయిగా ఉంది. పిల్లకి ముల్లు గుచ్చుకుంటే తల్లికి హాయేంటని మీరడగొచ్చు. ఉంది మరి. ఆ హాయి రాత్రి భోజనాల దాకానే. పిల్ల పీట తెచ్చుకుని మళ్ళీ వాళ్ళ పిన్ని పక్కనే వేసుకుని, "ఇందాక తొందరపడ్డాను పిన్నీ, ఇంకోసారి చూపించు" అంది.

వాళ్ళ ప్రయాణం దగ్గరపడ్డాక మా మరిది అసలు మాట బయటపెట్టేడు. "వదినా, అమ్మాయిని మాతో పంపండి. అక్కడ మంచి స్కూలుంది. మీరు బెంగపెట్టుకుంటే మధ్యలో తీసుకొచ్చేస్తాం." మా ఆయన రాజోలు స్కూల్లో మేష్టరు, సెలవల్లో కూడా ఏదో పనిమీద అక్కడికెళ్ళి అప్పుడే బస్సు దిగి వచ్చేరు. నావైపు చూసి, "నువ్వెలాగంటే అలాగే" అన్నారు. పెళ్ళైనప్పట్నుంచీ ఆయన ఎంచుకున్నది ఆ మాట ఒక్కటే. మామగారు పడక్కుర్చీలోంచి, "పిల్లనడిగితే పోలా?" అన్నారు.

"ఎనిమిదేళ్ళ పిల్లని అడిగేదేంటండి?" అని, మరిదివాళ్ళవైపు తిరిగి, "మీరు తీసుకెళ్ళి కాలవలో ముంచి మీ మతంలో కలుపుకుంటారు, అంతేగా?" అన్నాను.

"మీరిద్దరూ ఒప్పుకోకుండా, పిల్ల తనే కావాలనకుండా ఆ పని జరగదండి అక్కయ్యగారూ" అంది తోడికోడలు. "మీరు పంపనంటే తీసుకెళ్ళం. పిల్లకే కాదు కదండి, మీక్కూడా ఉంది ఎంచుకునే హక్కు" అంది.

"ఆయ్, వదినదే ఆఖరి మాట" అన్నాడు మా మరిది.

వాదించి ఉంటే గెలిచేదాన్ని. బీయేలో తర్కం చదువుకున్నాను. తీసుకొచ్చి హక్కు నా చేతిలో పెట్టేసరికి ఏం చెయ్యాలో తోచలేదు. పంపను అంటే అయిపోతుంది. ఎవరూ నన్ను పల్లెత్తు మాటనరు. పిల్ల ఇక్కడే ఉంటుంది, నేను ముద్దలు పెడతాను, తింటుంది. కానీ ప్రతి ముద్దకీ దాని మొహంలోకి చూస్తాను. నేనంటే ఇష్టమై ఉందా, నేను పోనివ్వక ఉందా? ఆ సంగతి నాకు జన్మలో తెలీదు. అది నన్ను వదిలేసి వెళ్ళడం ఒక బాధ. నన్ను ఎంచుకుందో లేదో తెలీకుండా దాన్ని ఇంట్లో పెట్టుకోవడం అంతకంటే పెద్ద బాధ. చూడండి, నన్ను ఆ రాత్రి దారిలో పెట్టింది జ్ఞానం కాదు, ఆ కుళ్ళే. మా దేవుడికి రోషం ఎక్కువని, తనవాళ్ళు ఇంకొకరి వైపు చూస్తే ఓర్చడని చిన్నప్పట్నుంచీ గుళ్ళో వింటూనే ఉన్నాను. అంత రోషమున్నవాడు మనుషుల్ని తన దగ్గరే కట్టి పడేసుకోకుండా ఎందుకు వదిలేడో, ఆ సభ కథ నమ్మకపోయినా, నాకప్పుడు కొంచెం అర్థమైంది. నమ్మకం సంగతికొస్తే, నేను ఇవాళ్టికీ రెండో బెంచీలోనే కూర్చుంటున్నాను.

తెల్లారేక పిల్లలిద్దరికీ వంటింట్లో పీటలు వేసి చద్దన్నం పెట్టేను. దాకలో రాత్రి పులుసు మిగిలి ఉంది. పొద్దుటికి చిక్కబడి బాగుంటుంది. ముక్కలు ముళ్ళతోనే కంచాల్లో వేసేను. మా అబ్బాయి తన కంచం నావైపు తోసి, "నువ్వే తియ్యమ్మా" అన్నాడు. అదీ ఒక ఎంపికే కదా అని తీసి పెట్టేను. అమ్మాయి ఒక్కో ముల్లూ ఏరి కంచం అంచున వరసగా పెట్టుకుంటూ, తల ఎత్తకుండా తింటోంది. అప్పుడు చెప్పేను.

"అమ్మడూ, బాబాయివాళ్ళతో వెళ్ళి చదువుకుంటావో, ఇక్కడే ఉంటావో నువ్వే చెప్పు. తొందర్లేదు, తినేసి చెప్పు. వెళ్తానంటే ఏడుస్తాను గానీ కోప్పడను. ఉంటానంటే సంతోషిస్తాను గానీ, నిన్ను చూపించి మీ పిన్నిని చిన్నబుచ్చను. ఒరే నాన్నా, నీకు ముళ్ళు తీసుకోవాలనిపించిన రోజు నువ్వూ చెప్పు. ఇద్దరూ వినండి. గొంతులో ముల్లు దిగితే మాత్రం, ఎంత దూరంలో ఉన్నా నాకు కబురు చెయ్యండి, వచ్చేస్తాను."

ముళ్ళు ఎవరివి వాళ్ళు తీసుకుని తింటే ఒక కంచం ఖాళీ కావడానికి చాలాసేపు పడుతుంది. వెళ్తానని చెప్పి మా అమ్మాయి ఎక్కిన లాంచీ అవతలి ఒడ్డు చేరి రెండేళ్ళయింది. ఆ చద్దన్నం మాత్రం, నా మటుక్కి, మా వంటింట్లో ఇంకా అవనే లేదు.