ఇగ్నైటర్ మీద పెట్టిన చెయ్యి

ట్రాయ్ ఊళ్లోని తెలుగు చర్చిలో ఆదివారం నాడు ఇమ్మాన్యుయేల్ కోసం వెతకడం దండగ. శనివారం మాత్రం ఎవరో ఒకరి బేస్‌మెంట్‌లో, ఫర్నేస్ ముందు మోకాళ్ల మీద ఉంటాడు. ఉద్యోగం కార్ల కంపెనీలో. చెడిపోయిన ఫర్నేసులు బాగుచేసి నలుగురి ఇళ్లూ వెచ్చబెట్టడం సొంత సరదా. పైసా పుచ్చుకోడు. పని కాగానే టీ అయినా తాగకుండా జారుకుంటాడు. టీ తాగితే వెనకాలే ప్రార్థన వస్తుందని అతని భయం.

ఆ భయం లూసీ పోయిన నాటిది. భార్య కేన్సర్‌తో మంచం పట్టినప్పుడు చర్చి అంతా వచ్చి ఆమె తల మీద చేతులు పెట్టి ప్రార్థించింది. స్వస్థత వచ్చేసిందని ఒకాయన ముందే సాక్ష్యం కూడా చెప్పేశాడు. లూసీ పోయాక, సమాధి దగ్గర ఆ పెద్దమనిషే దేవుని చిత్తం అన్నాడు. ఆ రోజు నుంచి ఇమ్మాన్యుయేల్ ఎవరి చెయ్యీ తన తల మీద పడనివ్వలేదు. మనుషుల్ని మాత్రం వదులుకోలేకపోయాడు, పాపం. అందుకే ఈ ఫర్నేసులు.

ఈ జనవరిలో, ఆ చర్చికే వెళ్లే జెమీమా ఫోన్ చేసింది. భర్త ఆఫీసు పని మీద ఫ్రిస్కో వెళ్లాడు. ఇంట్లో పసిగుడ్డు, పురుడు పోయడానికి భీమవరం నుంచి వచ్చిన తల్లి జోసఫిన్, బయట మంచు.

"అన్నయ్యా, హీట్ రావట్లేదు. టెక్నీషియన్ మండే దాకా రాలేనన్నాడు."

ఇమ్మాన్యుయేల్ వెళ్లి, కరెంటూ గ్యాసూ కట్టేసి, ఫర్నేస్ తలుపు తీసి టార్చ్ వేశాడు. అనుకున్నదే, ఇగ్నైటర్ పగిలింది. వేలెడంత బూడిదరంగు ముక్క అది. కరెంటు పారితే ఎర్రగా కాలి గ్యాస్‌ని అంటిస్తుంది. పాతదాన్ని విప్పి తీశాడు. ఆ మోడల్‌కి సరిపోయేది తన దగ్గర ఒక్కటే ఉంది. దాన్ని శుభ్రమైన గుడ్డ మీద పెట్టి, గ్లవ్స్ కోసం టూల్‌బాక్స్ వైపు తిరిగాడు.

ఆ కాస్త సేపట్లోనే జోసఫిన్, పైన బిడ్డకు నూనె రాస్తున్నది రాస్తున్నట్టే వదిలి, మెట్లు దిగి వచ్చింది. పాస్‌పోర్టు నుంచి ప్రెషర్ కుక్కర్ దాకా, ఇంట్లోకి కొత్తగా వచ్చిన ఏ వస్తువైనా ఆవిడ చేత ప్రార్థన చేయించుకోవలసిందే. ఇగ్నైటర్ మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకుంది.

"అమ్మగారూ, ముట్టుకోకండి."

"ప్రార్థనే బాబూ."

"జిడ్డు తగిలితే అది వేడెక్కినప్పుడు పగిలిపోతుందండీ."

ఆవిడ నూనెతో మెరుస్తున్న తన చేతిని చూసుకుంది. "ఎంత పని చేశాను," అని గొణిగింది.

ఇమ్మాన్యుయేల్‌కి ఒళ్లు మండింది. మళ్లీ చేతులు, మళ్లీ ప్రార్థన. అయినా ఇగ్నైటర్‌ని రబ్బింగ్ ఆల్కహాల్ అనే స్పిరిట్‌తో తుడిచి, ఆరనిచ్చి, బిగించాడు. గ్యాస్ తిప్పి స్విచ్ వేశాడు. ఫ్యాన్ తిరిగింది, ముక్క ఎర్రబడింది, నీలి మంట లేచింది.

"నిలుస్తుందా అన్నయ్యా?" జెమీమా అడిగింది.

"ఇప్పుడే చెప్పలేనమ్మా. రెండు మూడు సార్లు ఆగి వెలగాలి. చూసి వెళతాను."

దాంతో జారుకునే దారి మూసుకుపోయింది. హాల్లోకి టీ వచ్చింది, తాగాడు. జోసఫిన్ ఎదురుగా కూర్చుని, చర్చివాళ్లు ఎవరైనా అడిగే ప్రశ్నే అడిగింది.

"నీ ప్రార్థన అంశం ఏంటి బాబూ? దేని గురించి ప్రార్థించమంటావు?"

ఏమీ లేదండీ అనడం అతనికి అలవాటు. ఈసారి ఆ మాట రాలేదు.

"దేవుడి మీద కోపంగా ఉందండీ. మా ఆవిడ పోయినప్పట్నుంచీ."

ఆవిడ ఓదార్చలేదు. బైబిల్ వాక్యం ఎత్తలేదు.

"అయితే అదే చెబుదాం ఆయనకి," అంది. చెయ్యి ఎత్తి, మధ్యలోనే ఆపి, కొంగుకి గట్టిగా తుడుచుకుంది. "ఇంకా కాస్త జిడ్డుగానే ఉంది. పెట్టొచ్చా?"

ఇమ్మాన్యుయేల్ తల వంచాడు.

"ప్రభువా, ఈ బిడ్డకి నీ మీద కోపంగా ఉంది," అని ఆవిడ మొదలుపెట్టింది. కింద ఫర్నేస్ మళ్లీ అంటుకోబోతూ ఫ్యాన్ తిరిగిన చప్పుడైంది. చూడ్డానికి అతను లేవలేదు.