ఆటోలో విన్న నా కథ

నా మొదటి కథ ఒక మాసపత్రికలో అచ్చయినప్పుడు, దాన్ని భిలాయిలో ఎవరికి చూపించాలో నాకు తెలియలేదు. రిసాలిలో మా స్టీల్ ప్లాంటు క్వార్టర్ల వరసలో తెలుగు మాట్లాడే ఇళ్ళకు కొదవ లేదు. చదివేవాళ్ళే లేరు. మా తరమంతా హిందీ బడుల్లో చదువుకున్నాం. నాకు తెలుగు అక్షరాలు వచ్చాయంటే అది మా అమ్మ పట్టుదల. గోడమీది కేలండరు దించి ఒళ్ళో పెట్టుకుని, తిథుల పేర్లు కూడబలికించేది.

మావారు పత్రికను అటూ ఇటూ తిప్పారు. నా పేరు ఎక్కడుందో అడిగి తెలుసుకుని, ఫోన్లో ఫోటో తీసుకుని డ్యూటీకి వెళ్ళిపోయారు. పేరు కింద ఊరు కూడా వేశారు, భిలాయి, మధ్యప్రదేశ్ అని. మాది ఏనాడో ఛత్తీస్‌గఢ్ అయిందని ఆ పత్రికవాళ్ళకు ఎవరూ చెప్పలేదు కాబోలు.

అప్పట్లో గుర్తింపు అంటే నా మనసులో ఒక బొమ్మ ఉండేది. ఎక్కడో హైదరాబాదులో ఒక పెద్ద విమర్శకుడు నా కథ చదివి కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, కాసేపు కిటికీ వైపు చూస్తాడని. ఫోన్ మోగితే ఆయనేనేమో అని పరిగెత్తేదాన్ని. గ్యాస్ సిలిండర్ వాళ్ళు చేసేవారు.

చివరికి కథ అడిగింది మా అత్త. ఆవిడ విజయనగరం దగ్గరి పల్లె నుంచి కొత్త పెళ్ళికూతురిగా ఇక్కడికొచ్చింది. మామగారు ప్లాంటులో పనిచేసి రిటైరయ్యారు, ఆ తర్వాత పోయారు. అత్త మాత్రం ఊరి మాటను ఊరి మాటగానే ఉంచుకుంది. చదువు రాదు.

"అందులో ఏటి రాసీసేవో నాకూ సదివి సెప్పు," అంది.

చదివాను. కథ చిన్నదే. క్వార్టర్లలో ఉండే ఒకావిడ. భర్త కోపిష్టి. ఒక మధ్యాహ్నం ఆవిడ ఇంటికి తాళం వేసి, తాళంచెవి పక్కింట్లో ఇచ్చి, సుపేలా బజారుకు వెళ్ళి, అక్కడ ఆగివున్న బస్సెక్కుతుంది. బోర్డు కూడా చూడదు. బస్సు కదులుతుంది. అక్కడితో కథ అయిపోతుంది. ఆ ముగింపు చూసుకుని నేను చాలా మురిసిపోయాను.

అత్త కళ్ళు మూసుకుని విన్నది.

"తరవాత?"

"అంతే అత్తా."

"అంతేనేటి? ఆ బస్సు ఎటెల్లింది?"

"నాకూ తెలీదు."

"రాసిందానివి నువ్వే కదేటి. నీకు తెలకపోతే ఎవులికి తెలుస్తాది?"

ఇప్పటి కథలు ఇలాగే ఉంటాయని, మిగతాది వినేవాళ్ళకు వదిలేస్తామని చెప్పాను. అత్త ఓపిగ్గా విని, "అయితే నాకొగ్గీసేవన్నమాట," అని లేచి వంటింట్లోకి వెళ్ళింది.

మర్నాడు డాబా మీద వడియాలు పెడుతూ ఆ కథను పక్కింటి ఛత్తీస్‌గఢీ ఆవిడకు చెబుతోంది. సగం హిందీ, సగం తెలుగు, మిగిలింది చేతులు. నేను బట్టలు ఆరేస్తూ విన్నాను. రెండు పేజీల్లో నేను చేసిన వర్ణనలన్నీ ఎగిరిపోయాయి. పక్కింటావిడ ఒక్కటే అడిగింది, ఆ ఆడమనిషి కాళ్ళకు చెప్పులున్నాయా అని. నేను రాయలేదు. అత్త ఒక్క క్షణం కూడా తడుముకోకుండా, ఉన్నాయని చెప్పింది.

ఆ తర్వాత ఆ సంగతే మరిచిపోయాను. ఇంకో రెండు కథలు రాశాను. రెండూ తిరిగొచ్చాయి.

వానలు వెనకబట్టాక ఒకరోజు సుపేలాలో కూరలు కొనుక్కుని ఇంటికి షేర్ ఆటో ఎక్కాను. ఎదురుగా ఇద్దరు ఆడవాళ్ళు, మాటల్నిబట్టి రైల్వే కుటుంబాల తెలుగువాళ్ళు. ఒకావిడ రెండో ఆవిడకు చెబుతోంది.

"నిజంగా జరిగిందే దీదీ. రిసాలిలో, మా ఆడపడుచు వాళ్ళ లైన్లోనే. తాళం వేసి, చాబీ పక్కింట్లో ఇచ్చి, బస్సెక్కి ఎల్లిపోనాదంట."

"మొగుడు కొట్టీవోడేటి?"

"లేదంట. మంచోడేనంట. అదే కదా మరి."

నా ఒళ్ళోని సంచీని గట్టిగా పట్టుకున్నాను.

"ఎల్లీముందు బియ్యం కడిగి కుక్కర్లో పోసి, నీళ్ళు కొలిచి, మూత పెట్టి మరీ ఎల్లిందంట. ఆయనొచ్చి స్టవ్ ఎలిగించుకుంటే చాలు."

"ఎంత ఆలోచించుకుని ఎల్లిందో," అంది రెండో ఆవిడ మెల్లగా.

నేను దిగాల్సిన చోటు దాటిపోయింది. దిగబుద్ధి కాలేదు. ఆ కుక్కరు నాది కాదు. ఆ మంచి మొగుడూ నావాడు కాదు. నా కథలోని కోపిష్టివాడిని వదిలి వెళ్ళడం తేలిక. ఇలాంటివాడికి అన్నానికి నీళ్ళు కొలిచిపెట్టి వెళ్ళడం నేను పదేళ్ళు కూర్చున్నా ఊహించలేను.

"మాదీ రిసాలే. తరవాత ఏటయింది?" అని నేనే అడిగాను.

ఆవిడ నా వైపు తిరిగింది. "రాజనాందగావ్‌లో ఏదో హాస్టల్లో వంట చేస్తోందని కొందరు, వచ్చీసిందని కొందరు. మా ఆడపడుచు మాత్రం రానేదనే అంటాది. మీరు రిసాలే కదా, మీకు తెలీదేటి?"

తెలియదన్నాను. అది అబద్ధం కూడా కాదు.

ఇంటికొచ్చి అత్తను అడిగాను, కథలో కుక్కరు నువ్వు పెట్టావా అని.

"నేనెందుకెడతాను? నేను సెప్పినపుడు ఆ మనిషి కోపంతోనే ఎల్లింది," అంది.

పక్కింటావిడను అడిగాను. ఆవిడ తన చెల్లెలికి చెప్పిందట, చెల్లెలు బడిదగ్గర ఎవరికో చెప్పిందట. బియ్యం మాట ఎవరికీ తెలియదు. ఎవరో ఒక ఆడమనిషి, ఏ వంటింట్లోనో, చెబుతూ చెబుతూ ఆ కథలోని ఇంటి స్టవ్ దగ్గర ఒక్క నిమిషం ఆగి ఉంటుంది. తానూ కథ అల్లుతున్నానన్న సంగతే ఆవిడకు తట్టి ఉండదు.

మరుసటేడు ఇక్కడి తెలుగువాళ్ళ సంఘం ఒక కథల పుస్తకం వేస్తూ నా బస్సు కథ అడిగింది. ఆ కుక్కరును కలపాలా వద్దా అని చాలా మథనపడ్డాను. అత్తతో చెప్పుకుంటే, "నువ్వే కదా వినేవోలకి ఒగ్గీసేనన్నావు. ఆలిచ్చింది పుచ్చుకో," అంది.

కలిపాను. మొగుణ్ణి కూడా మార్చి రాశాను.

పుస్తకావిష్కరణ సభలో ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దాయన ఆ కుక్కరు వాక్యాన్ని పైకి చదివారు. చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. శాలువా కప్పబోతుంటే, ఆ వాక్యం నాది కాదండీ, ఈ ఊళ్ళో ఎవరో కలిపారు అన్నాను. వినయం అనుకుని అందరూ చప్పట్లు కొట్టారు. శాలువా కప్పుకుని కుర్చీలో కూర్చున్నాక, వెనక వరసల్లో పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని, ఫలహారం ఎప్పుడిస్తారా అని చూస్తున్న ఆడవాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే చూశాను. వాళ్ళలో ఎవరైనా కావచ్చు.